బొటనవేలికి తెలిసేలా

వంటింటి బల్లకు ఒక చివర అమ్మ,
ఇంకో చివర ఇనుప బిగింపుతో తాతయ్య మర.
ఒల్యాస్త్ర కొండల్లో నవంబరు వచ్చిందంటే
పిండి ఎక్కడిదాకానో, మందుగుండు మసి ఎక్కడినుంచో
మా ఇంట్లో హద్దు ఉండదు.

ఈ ఏడు తాతయ్య కుడిచెయ్యి మాట వినడం లేదు.
పిడి నా చేతికిచ్చి
ముక్కాలిపీట మీద కూర్చున్నాడు,
బకీజియో, డెబ్బై తొమ్మిదేళ్లు,
అడవిపంది అడుగు చూసి దాని వయసు చెప్పేవాడు.

"ఎలా మూయను?" అన్నాను.

ఆరు మడతల నక్షత్రమైతే తేలిక.
పాత గొట్టానికి ఆ దారి గుర్తే.
ఒకసారి పేలి వచ్చినా
మూతి దగ్గర గీతలు అలాగే ఉంటాయి,
కాస్త నొక్కితే చాలు, తమంతట తామే
మధ్యకొచ్చి తలలు కలుపుకుంటాయి.
ముచ్చటగా ఉంటుంది.
లోపల ఒంటి గుండున్నా, పిట్టల రవ్వలున్నా
ఒకటే ముఖం.

తాతయ్య తల అడ్డంగా ఊపాడు.
చాకు తీసి నా ముందుకు తోశాడు.

మడతలున్నంత మేర కోసెయ్యాలి.
గొట్టం మరిచిపోవాలంటే
పొట్టిదవ్వాలి మరి.
ఆ తర్వాత అంచు వేడెక్కి మెత్తబడేదాకా
తొందరపడకుండా తిప్పుతూ
లోపలికి చుట్టాలి.
మొదటిది నలిగింది. రెండోది వంకర.
మూడోదానికి అంచు గుండ్రంగా కూర్చుంది,
మధ్యలో సీసం నున్నగా, బోడిగా,
దాపరికం లేకుండా బయటికి చూస్తూ.

"నక్షత్రమే బాగుంది కదా" అన్నాను, నాలుగోది తిప్పుతూ.

అప్పుడు చెప్పాడు. ఇప్పుడు సగం మాటలే వస్తాయి.
తెల్లారలేదు. మంచు.
జేబులో రెండు రకాలూ, రెండూ నక్షత్రాలే.
కౌజు లేచింది.
వాగు అవతల
మెల్కియోర్రె కుక్క.
"పిట్టల రవ్వ అంత దూరం పోదు" అని
మూడుసార్లు అన్నాడు,
ఎవరితోనో ఇంకా వాదిస్తున్నట్టు.

కుక్క పక్కనే మెల్కియోర్రె కొడుకున్నాడని
అమ్మ చెప్పింది, తలెత్తకుండా.
పదేళ్లవాడు. ఏమీ కాలేదు వాడికి.
ఇప్పుడు మాకు రొట్టెలు తెచ్చేది అతనే.

అమ్మ వేళ్లలో కులుర్జోనె మూసుకుంటోంది,
అటొక చిటికె, ఇటొక చిటికె, గోధుమ వెన్నులా.
బంగాళాదుంప, పుదీనా, లోపల ఏముందో
ఊరంతటికీ తెలుసు.
దాన్ని ఎలా మూసినా భయం లేదు.

పది చేశాను. మామయ్య రేపు తీసుకెళ్తాడు.
తాతయ్య ఒకటి ఏరుకుని
కోటు జేబులో వేసుకున్నాడు,
వేటకు వెళ్లేది లేకపోయినా.
రాత్రి కిటికీ దగ్గర చూశాను,
జేబులో బొటనవేలు కదులుతోంది,
అంచు మీద ఒక చుట్టు,
సీసం మీద కాసేపు,
మళ్లీ అంచు.