పదమూడు గంటలు తక్కువ

పీతల కాలం ముగుస్తోందన్న రోజు
ఏప్రన్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి కూడిక వేశాను.
నాలుగు వందల ఏడు.
కింది నుంచి పైకి మళ్లీ వేశాను.
నాలుగు వందల ఏడే.
మా తీరానికి ప్రభుత్వం గీసిన గీత నాలుగు వందల ఇరవై.
అది దాటితేనే చలికాలం భత్యం.

పదమూడు గంటలంటే ఏముంది,
జ్వరంతో మూలిగే పిల్ల పక్కన ఒక రాత్రి కూర్చుంటే
ఇట్టే గడిచిపోతాయి.
ఆ గంటలు లెక్కలోకి రావు.

స్కిల్లెట్ కోవ్‌లో ఎవరూ ఎవరి వయసూ అడగరు.
"ఎన్నయ్యాయి?" అంటారు,
చర్చి మెట్ల మీద కూడా.

ఫిలొమీనా హైన్స్‌కి నాలుగు వందల ముప్ఫై ఎనిమిది.
ఆఖరి పడవ సరుకు ఇంకా మిగిలుంది, రెండు షిఫ్టుల పని.
ముందు చేరింది ఆవిడ, కాబట్టి ఆవిడదే.
ఆవిడ ఫోర్‌మన్ ఆంబ్రోస్ దగ్గరికెళ్లి
భుజం పట్టేసింది అంది.
ఏ భుజం అన్నాడు.
నీకేది కావాలంటే అది అంది.
ఆంబ్రోస్ ఆవిడ పేరు కొట్టేసి
నా పేరు రాశాడు, తలెత్తకుండా.

నేనేం మాట్లాడలేదు.
ఒక సీసా ఎర్రపళ్ల జామ్
ఆవిడ గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేశాను.

ఆ తర్వాత కాగితాల కాలం.
లైబ్రరీలో ఒకటే కంప్యూటర్,
దాని ముందు గొంగళ్లలాంటి కోట్లలో పదకొండు మందిమి.
మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి అంది తెర.
గొర్రె.
పేరు లేదు.
చలికాలంలో తినేదానికి పేరు పెట్టకండర్రా అనేవాడు మా నాన్న.
"పేరు లేదు" అనే కొట్టాను.
అదే ఇప్పుడు నా రహస్యం.

ఫ్యాక్టరీ పంపిన కాగితంలో నా బీమా నంబరు తప్పు,
ఏడు ఉండాల్సిన చోట ఒకటి.
ఆ చిన్న అడ్డగీత లేక
నేను నేను కాకుండా పోయాను ఐదు వారాలు.
ఫోన్లో వేణువు వాయిస్తూనే ఉన్నారు.
చెవికీ భుజానికీ మధ్య దాన్ని ఇరికించుకుని
బంగాళాదుంపలు చెక్కు తీశాను, ఉడికించాను, తిన్నాను.
నలభయ్యో నిమిషంలో ఫ్రెంచి యాసలో ఒక అమ్మాయి పలికింది.
అంకె దిద్దుతూ అడిగింది,
అక్కడ మంచు పడుతోందా అని.
పడుతోందన్నాను.
ఇక్కడా అంది.
ఆ నెలంతటిలో ఆ ఆఫీసులో
నన్ను అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే.

రెండు వారాలకోసారి యంత్రానికి జవాబు చెప్పాలి.
ఈ రోజుల్లో మీరు పని చేశారా?
ముసలి ఆల్బన్ గుమ్మం ముందు నడుం లోతు మంచు తవ్వాను.
చెల్లెలి పిల్లలకు వండాను.
చావింటికి రొట్టెలు తొమ్మిది చేశాను.
పొయ్యిలో కట్టెలు, కట్టెల కోసం అడవి.
అవునుకి ఒకటి, లేదుకి రెండు.
రెండు నొక్కాను.
పనీపాటా లేని మనిషినని
నా వేలితోనే ఒప్పుకున్నాను.

ప్రతిరోజూ పనికి సిద్ధంగా, ఇష్టంగా, సమర్థంగా ఉన్నారా?
సిద్ధమే.
ఇష్టమా, ఎవరికుంటుంది పీత గుల్ల పగలగొట్టడం ఇష్టం,
అయినా సరే అనుకుందాం.
మూడోదాని దగ్గర ఆగాను.
ముప్ఫై ఏళ్ల చల్లనీళ్ల తర్వాత
పొద్దున్నే నా వేళ్లు టీ కప్పు చుట్టూ మూసుకోవు.
క్షమించండి, మీ జవాబు అందలేదు అంది యంత్రం.
వేలి కణుపుతో ఒకటి నొక్కాను.

మొదటి డబ్బు పడ్డ రోజు కొట్టుకెళ్లాను,
కిరోసిను బాకీ, పిండి బాకీ తీర్చడానికి.
ఫిలొమీనా అక్కడే ఉంది.
పిండి మూట కుడిచేత్తో ఈడ్చుకుంటోంది.
ఎడమ చెయ్యి కోటు లోపల,
తడిసిన తాడులా
ఊరికే వేలాడుతోంది.

మూట అటు కొస నేను పట్టుకున్నాను.
జామ్‌లో చక్కెర ఎక్కువైంది అంది.
మంచులో ఆవిడ ఇల్లు దాకా నడిచాం.
ఏ భుజం అని
నేను అడగలేదు.