నవాసారం

జీడిమెట్ల, మూడో షిఫ్టు, రాత్రి రెండున్నర.
క్లోరినేషన్ బ్లాకులో రియాక్టరు
పొంగు దిగిన పాలగిన్నెలా సణుగుతోంది.

లతీఫ్ చాచా కడ్డీకి దూది చుట్టి
అమోనియా సీసాలో ముంచి
పైపుల కీళ్ళ చుట్టూ తిప్పుతున్నాడు,
దిష్టి తీస్తున్నట్టు.
తెల్లపొగ లేచిన చోట లీకు.

నాలుగో ఫ్లాంజి దగ్గర లేచింది,
వెంట్రుకంత.
బోల్టు అరచుట్టు బిగించి, మళ్ళీ తిప్పి చూసి
"బస్" అన్నాడు.
కానీ ఆ కాస్త పొగనీ ఊరికే పోనివ్వడు,
మాస్కు జరిపి, అరచేత్తో ముక్కువైపు లాక్కుంటాడు.
వద్దు చాచా అంటే
"మా నాయన వాసన, మేడం."

మల్లేపల్లి గల్లీలో వాళ్ళ నాయన
ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాడట.
కాలిన గిన్నెలో చిటికెడు నవాసారం చల్లగానే
ఇదే పొగ,
దాని వెనకే తగరం వెన్నలా పాకేది.
రెండూ ఒకటేనని నాకు ఎమ్మెస్సీలో చెప్పారు.
చాచాకి ఎవరూ చెప్పలేదు.

నేను చేరకముందు ఈ గ్యాసుకి ఒకటే దారి, పైకి.
అదీ వాన పడే రాత్రుల్లో.
తెల్లారేసరికి వెనక బస్తీలో
తీగ మీది చీరలకి చిల్లులు,
సైకిలు రిమ్ములకి తుప్పు.
బడికి పోయే పిల్లలు నాలుక చాపి
గాలి పుల్లగుందని పందేలు కట్టేవాళ్ళు.
పోశవ్వ తన ఇంట్లోకి పిలిచి
రేకుల కప్పు చూపించింది:
"పట్టపగలే చుక్కలు చూపెట్టిన్రు మేడం, చూడున్రి."

ఇప్పుడు నల్లటి గ్రాఫైట్ స్తంభం ఉంది.
లోపల గొట్టాల గోడ పట్టుకుని
నీళ్ళు పల్చటి పొరగా జారుతాయి,
గ్యాసు వాటి చెయ్యి పట్టుకుని దిగుతుంది.
కలిసిన చోట ఒకటే వేడి,
చుట్టూ చల్లనీళ్ళు తిప్పకపోతే ఆ కాపురం నిలవదు.
కింద ట్యాంకులో ఆసిడ్, ముప్ఫై శాతం, లేత పసుపు.
కొంత పక్క బ్లాకులో పీహెచ్ దించడానికి,
మిగిలింది ట్యాంకరెక్కి
స్టీలు కడ్డీల తుప్పు వదిలించడానికి.
తుప్పు పట్టించిందే.

యజమాని మనసు మారిందని రాయను.
నోటీసు వచ్చింది, ఆసిడ్ ధర పెరిగింది,
ఏది ముందో గుర్తులేదు.
రిజిస్టరులో 'రికవరీ' అని రాస్తాం,
పక్కనే రూపాయల గడి.
పోశవ్వ దగ్గుకి గడి గీసినవాళ్ళు లేరు.
ఖాళీగా ఉన్న మార్జిన్‌లో ఒకసారి పెన్ను పెట్టాను,
చుక్క పడింది, అంతే.

పొద్దున షిఫ్టు దిగి ఆమె ఇంటి ముందు ఆగాను.
చిల్లులన్నిటికీ తారు పూసింది,
ఒక్కటి వదిలేసింది.
అదేంటవ్వా అంటే
"ఏడు గొట్టంగ ఎండ సక్కగ పొయ్యి మీద పడ్తది,
గడియారం ఎందుకిగ?"

రూపాయి బిళ్ళంత ఎండ
నిజంగానే ఆమె ఇత్తడి గిన్నె అంచు మీద ఉంది.
లోపల కళాయి అంతా పోయింది.

రాత్రికి చాచాకి చెప్పాలి.