నీరు ఊరని గొయ్యి

మట్టి పరీక్షల ఆఫీసులో గోతులు తియ్యడం నా పని.
పదహారేళ్ళుగా, అమలాపురం నుంచి అంతర్వేది దాకా.
పొడవు మూడడుగులు, వెడల్పు మూడడుగులు,
లోతు మాత్రం
కాగితంలో ఒకటి, నేలలో ఒకటి.

సార్వా కోశాక కూడా రెండడుగులు దిగేసరికి
గునపం చప్పుడు మారుతుంది.
ముందు జిగురు, తర్వాత చెమట,
ఆ తర్వాత గోడల్లోంచి
సిగ్గుపడుతున్నట్టు సన్నగా నీరు.
బూడిదరంగు బంకలో తుప్పు గీతలు,
ఎప్పుడో చచ్చిన వరివేళ్ళు నడిచిన దారులు.
"రాయవయ్యా, మురుగు పోదు" అంటారు
గట్టు మీంచి భానోజీరావు గారు.
రాస్తాను.
పారకంటిన మట్టిని ఇంకో పారతో గీక్కుంటాను.

మొన్న కార్తీకంలో మమ్మల్ని గుడిస కొండకి పంపారు.
మారేడుమిల్లి దాటి జీపు మొరాయించిన చోట దిగి
మిగతాది నడిచాం.
చెట్టు లేదు. గడ్డి.
గడ్డి మీద గాలి పడుకుని లేస్తోంది.
దారి చూపిన పల్లాల చిన్నమరెడ్డి
నా గునపం అటూ ఇటూ తిప్పి చూసి
"దీంతో పనేముంది" అన్నాడు.

మొదటి అడుగు నలుపు.
కాఫీపొడిలా అందామనుకున్నాను, కాదు,
వేయించిన నల్లనువ్వులు దంచాక
రోటి అడుగున మిగిలే నలుపు.
పిడికిలి పడితే ముద్ద,
వేలితో తాకితే రవ్వరవ్వ.
మోచేతి లోతు దాకా గడ్డివేళ్ళు
ఎవరో ఓపిగ్గా కుట్టిన దారాల్లా.
తర్వాత గోధుమరంగు, వానపాము బొరియలు,
ఇంకా కిందికి ఎరుపు.
రాయి తగల్లేదు. నీరు తగల్లేదు.
ఆరడుగుల్లో నిలబడితే
గడ్డి అంచు నా తలకి పైన.
ముందు రాత్రంతా వానే.
అడుగున అరచెయ్యి ఆనించాను:
చల్లగా ఉంది. తడి అంటలేదు.

"మురుగు?" అని పైనుంచి అడిగారు.
నోరు పెగల్లేదు.

మా నాన్న యేసురత్నం
రాజోలు సమాధుల తోటలో గోతులు తీసేవాడు.
జూలై చావులంటే ఆయనకి హడలు.
పైన ప్రార్థన, కింద బాల్చీతో తోడుడు.
పాస్టరు గారు వాక్యం కాస్త పొడుగ్గా చదివేవారు
ఈయనకి టైమివ్వడానికి.
అయినా దించిన పెట్టె ఒక్క క్షణం ఊగేది.
ఎవరో ఒకరు చూసేవారు,
చూసి, చూడనట్టు గుప్పెడు మన్ను వేసేవారు.
మా అమ్మకి ఆయనే తీశాడు.
మూడడుగులు.
ఆపైన గోదారి ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చి చెప్పాను.
"ఆరడుగులా?"
ఆయ్.
"తోడకుండా?"
తోడకుండానే.
కంచంలో చెయ్యి ఆపి,
"వాన పడ్డాక కూడానా?"

కొలతలయ్యాక మిగిలిన మట్టి పారబొయ్యాలి, రూలు.
రెండు గరాటుల్లో దూది పెట్టి
ఒకదాన్లో కొండమట్టి, ఒకదాన్లో శివకోడు మట్టి,
చెరో గ్లాసు నీళ్ళు పోశాను.
అటు నీరు ఎప్పుడు దిగిపోయిందో తెలీదు.
ఇటు నీరు సాయంత్రం బల్ల సర్దేదాకా
నా మొహం చూస్తూ కూర్చుంది.

సీలేరు మీంచీ శబరి మీంచీ
ఆ మన్నే కదయ్యా ఏటేటా ఎర్రనీటిలో దిగి
మన కాళ్ళ కింద చేరింది, అంటారు భానోజీరావు గారు.
అయ్యుండొచ్చు.
అక్కడ ఒట్టి గడ్డి, ఇక్కడ సార్వా, దాళవా, పైన మినుములు.
నలుసుని అడిగితే ఏ ఊరని చెబుతుందో.

నిన్న మానేపల్లిలో గొయ్యి. రెండడుగులు. నీరు.
ఇంకా పార దులపనేలేదు,
ఓ కప్ప దిగి
తన ఇల్లే అన్నట్టు కూర్చుంది.

రాత్రి దీపం తీశాక
నాన్న గొంతు చీకట్లోంచి:
"ఆ కొండమీద మనుషుల్ని ఎంత లోతున పెడతారో
అడిగావా?"

అడగలేదు.