ఏడో నంబరు బండి

క్లైపెదా రేవు, నాలుగో గోదాము.
రాత్రి షిఫ్టు వాళ్లు దిగిపోయాక
డాంగువోలే మోకాళ్ల మీద కూలబడుతుంది
ప్యాలెట్ బండి పక్కన,
పసిపిల్ల కాల్లో ముల్లు తీస్తున్నట్టు.

చేపలు కోసే పాత చాకుతో
ఇరుసుకి చుట్టుకున్న ప్లాస్టిక్ పొరని
పాయలు పాయలుగా లాగుతుంది.
అందులో గోనె దారం, ఎవరిదో నెరిసిన వెంట్రుక,
నిరుడెప్పుడో పగిలిన సీసా పెంకు.

"బండి మొరాయించదు. మనమే మర్చిపోతాం."
నా వైపు చూడదు.

ఫోర్క్‌లిఫ్ట్ గొలుసుకి గుడ్డతో నూనె.
బ్యాటరీ గొంతుల్లో నీళ్లు, గుక్కెడు గుక్కెడు,
చార్జింగ్ అయ్యాకే.
ముందే పోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది ఒకసారి.
ఆ నూనె మరక ఇంకా నా చొక్కా మీదే ఉంది.

మొన్న ఏడో నంబరు బ్రేకు
జానెడు ఆలస్యంగా పట్టింది.
ఎర్ర చీటీ కట్టి, తాళంచెవి జేబులో వేసుకుని
టీ పోసుకుంది.
ఓడ కాచుకుని ఉందని రిమ్విదాస్ అరిచాడు.
చల్లారే దాకా తాగింది.

సాయంత్రం లాగ్ పుస్తకంలో
తేదీ ఎదురుగా రాసింది:
ఏమీ జరగలేదు.

తర్వాత చాకు కడిగి, రెండుసార్లు తుడిచి
సంచిలో పెట్టుకుంది.
ఇంట్లో చేపలున్నాయట.