ఆరువేల లీటర్లు

తెల్లవారుజాము మూడున్నరకి
వర్తూరు అవతల బోరు దగ్గర వరసలో ఉంటాను.
నా ముందు పదకొండు బండ్లు.
నీళ్ళు పడే చప్పుడును బట్టి
ట్యాంకు ఎంత నిండిందో చెప్పగలను.
మొదట రేకుల మీద వాన పడ్డట్టు,
తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు,
చివరికి ఏమీ వినిపించదు.
అప్పుడు మూత బిగిస్తాను.

మాది కదిరి పక్క.
నీళ్ళు లేక ఈ ఊరొచ్చాను,
నీళ్ళు అమ్మే పని దొరికింది.
ఇందులో నవ్వడానికేముందో గానీ
చెప్పినప్పుడల్లా మా క్లీనరు ఖలందర్ నవ్వుతాడు.

బెంగళూరు ఎట్లుంటుందిరా అని మావాళ్ళు అడుగుతారు.
నాకు తెలిసింది సంపులే.
పైన ఎన్ని అంతస్తులు లేచినా
కింద ఒక చదరం చీకటి,
ఇనుప మూత,
మూత మీద తులసికుండీయో, పాడైన స్కూటరో.
తీసి చూస్తే అందరి చీకటికీ ఒకటే వాసన.

హలసూరులో ఆరోగ్యమ్మ మేడ మీంచి
"తణ్ణి వందాచ్చా?" అని కేకేస్తుంది.
శివాజీనగర్‌లో బిర్యానీ డేక్సాలు తోమే పిల్లాడు
"పానీ ఆగయా" అంటూ లోపలికి పరుగు.
కాటన్‌పేటలో పుట్టతాయమ్మ "నీరు బంతా?" అంటుంది,
చిల్లర లెక్క మాత్రం తెలుగులో పెడుతుంది,
వాళ్ళవ్వ కుప్పం నుంచి తెచ్చుకున్న లెక్కట అది.
మడివాళ హాస్టల్లో నర్సమ్మ షైనీ
నైట్ డ్యూటీ కళ్ళతో గేటు తీసి
"వెళ్ళం?" అంటుంది.

మొదటిసారి విన్నప్పుడు
వెళ్ళకపోతే మానెయ్యండమ్మా, నన్నడగడమెందుకు, అన్నాను.
ఆమె భాషలో అది నీళ్ళట.
ఆరోగ్యమ్మనడిగితే వరద అంది.
మా ఊళ్ళో అయితే
కాళ్ళు కదలనప్పుడు అనే మాట.

గొట్టం నిండేదాకా ఆరోగ్యమ్మ ఊరుకోదు, ఏదో ఒకటి చెప్తుంది.
మెజస్టిక్‌లో బస్సులు తిరిగేచోట ఏరి,
స్టేడియంలో కుర్రాళ్ళు పరుగెత్తేచోట ఏరి,
వాళ్ళ నాన్న చెప్పాడట, వాళ్ళ నాన్నకి వాళ్ళ నాన్న.
ఏరి అంటే ఆమెకు చెరువు.
నాకేమో ఆమె వేలు చూపించిన ప్రతిచోటా
ఎవరినో వెతుకుతున్నట్టు వినిపించింది.
బట్టలుతికినవాళ్ళు ఏరి?
వల విసిరినవాళ్ళు ఏరి?
నేను రసీదు రాసిచ్చి దిగిపోయాను.
ఇంకా నాలుగు ట్రిప్పులున్నాయి.

మొన్న వానాకాలం బెళ్ళందూరు పక్క విల్లాల నుంచి ఫోను.
నీళ్ళు తేవద్దు, తీసుకుపో అన్నారు.
నా జన్మలో అదే మొదటి బేరం అట్లాంటిది.
వాచ్‌మన్ దీపేన్, అస్సాం పిల్లాడు,
గోడ మీద కూర్చుని చెప్పులు మెళ్ళో వేలాడేసుకున్నాడు.
ఇది మాకు ప్రతి ఏడూ ఉండేదే అన్నాడు,
కార్లు తేలడం మాత్రం కొత్త.
రెండు రోజులు తోడాం.
లిఫ్టు గుంతలో అడుగున రెండు వాలుగచేపలు.
మీసాలు ఆడిస్తూ,
ఎవరింటికొచ్చామో తెలీని చుట్టాల్లా.

వండుకోమంటే దీపేన్ వద్దన్నాడు.
పై మూతలోంచి ట్యాంకులోకి వదిలాం.
ఆ వారం ఎట్లాగూ నా బండి తాగే నీళ్ళకు పనికిరాదు.
మొదటి చెరువు దగ్గర కంచె, టికెట్టు, టైముల బోర్డు.
కాపలా ఆయన "ఒళగె బిడల్ల" అన్నాడు.
రెండో చెరువు మీద సబ్బు నురగ,
రోడ్డు మీదికొచ్చి అద్దానికి అంటుకుంది.
మూడోదాన్ని మ్యాపు చూపించింది, మాకు కనబడలేదు.

చీకటిపడ్డాక ఒక గట్టు దొరికింది.
పేరు చెప్పను.
వాల్వు తిప్పితే నీళ్ళన్నీ పోయాయి,
చేపలు మాత్రం
అడుగున మిగిలిన జానెడు మడుగులో
గుండ్రంగా తిరుగుతూ.
ఖలందర్ నడుందాకా లోపలికి దిగి చేతులు చాచాడు.
కాసేపు చప్పుడు లేదు.
తర్వాత ట్యాంకంతా మోగేట్టు నవ్వాడు.
"వెళ్ళం అంటున్నాయి అన్నా."

ఏ భాషలో అన్నాడో
నేనడగలేదు.