ఇంటూ గుర్తు

జనాభా లెక్కల గుమాస్తా పదేళ్లకోసారి వచ్చేవాడు.
వచ్చినప్పుడల్లా ఆమె ఇంటిపేరును కొత్తగా విని పోయేవాడు:
గెరటీ, గారిటీ, ఒకసారి జెరెట్.
ఇంటిపేరు నిలవాలంటే ముందు ఇల్లుండాలి కాబోలు.
డండీలో, లొహీ వీధుల్లో, ఒనోరాకి ఉన్నది
మెట్ల కింద ఒక గది.
అందులో ఏడుగురు.

వయసూ అంతే.
యాభై ఒకటిలో ఇరవై రెండు,
అరవై ఒకటిలో ఇరవై తొమ్మిది,
డెబ్భై ఒకటిలో ముప్ఫై ఆరు.
పదేళ్లు గడిస్తే ఏడే ఒప్పుకునేది.
తక్కిన మూడేళ్లు ఎక్కడ దాచేదానివే తల్లీ,
శాలువా మడతలోనా?

"పుట్టిన ఊరు" అన్న గడిలో ఐర్లండ్ అని ఉంది.
ఊరడిగి దేశం రాసుకున్నాడు మహానుభావుడు.
ఆ గడి దగ్గర నేను నాలుగేళ్లు ఆగిపోయాను.
మోనహన్ అనుకున్నాను, కావన్ అనుకున్నాను,
బంగాళాదుంప కుళ్లిన ప్రతి తాలూకాకీ ఉత్తరం రాశాను.
ఒక్క ముసలి ఫాదర్ జవాబిచ్చాడు,
రిజిస్టరు తడిసి ముద్దయిందనీ,
డండీలో వానలెలా ఉన్నాయనీ.

ఆమె పనిచేసిన మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు.
కలకత్తా నుంచి ఓడల మీద జనపనార దిగేదట,
తిమింగలం నూనె పోసి మెత్తబరిచేవాళ్లట.
ఆ కంపు జుట్టుని వదలదు.
ఆదివారం చర్చిలో కళ్లు మూసుకునే చెప్పొచ్చు
ఎవరిది ఏ మిల్లో.
కదుళ్ల హోరులో మాట వినపడదు కనుక
ఆడవాళ్లు గొంతుని పక్కన పెట్టి
పెదాలతో మాట్లాడుకునేవాళ్లు.

ఇది ఏ రికార్డులోనూ లేదు. మా అమ్మమ్మ చెప్పింది.
చెప్పిందంటే,
పొయ్యి అవతల నిలబడి పెదాలు కదిపింది.
అప్పుల సంగతి, పక్కింటి గొడవ, పోయినవాళ్ల ఊసు
అన్నీ అలాగే.
పిల్లలం టీవీ కట్టేసి మరీ చూసేవాళ్లం.

పోయిన గురువారం ఒక చావు కాగితం దొరికింది.
1863 ఫిబ్రవరి. బ్రిజిడ్. నాలుగేళ్లు. కోరింత దగ్గు.
తెలియజేసినవారు: తల్లి.
పక్కన ఒక ఇంటూ గుర్తు.
మొదటి గీత గట్టిగా పడింది, సిరా ఎక్కువై.
రెండోది మొదలై, ఆగి,
మళ్లీ మొదలైంది.
ఇన్నేళ్ల వెతుకులాటలో
ఆమె చెయ్యి తగిలిన చోటు ఇదొక్కటే.

నాలుగేళ్ల తర్వాత ఇంకో ఆడపిల్ల.
దానికీ బ్రిజిడ్ అనే పెట్టారు,
గౌను కూడా అదే అయి ఉంటుంది.
ఆ రెండో బ్రిజిడ్ కూతురి కూతురు మా అమ్మమ్మ.
మొదటిది బతికి ఉంటే రెండోది
పుట్టేదో లేదో, పుట్టినా నా దాకా వచ్చేదో లేదో.
ఆ లెక్క నేను వెయ్యను.

ఎనభైలో సాయం కోసం అర్జీ పెట్టుకుంది.
అప్పుడు మాత్రం వయసు దాచలేదు, యాభై ఒకటి.
"దగ్గు. పూర్తి చెవుడు. గది శుభ్రం. మనిషి మొండి.
పేదల ఆశ్రమంలో చేరమంటే
నా ముఖాన తలుపేసింది."
ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ రాసిన ఆ ముక్క చదివి
నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

ఊరు కూడా అడిగాడు. చెప్పింది.
అతగాడు తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు:
డ్రమ్మవాలి.
ఆ పేరుతో ఊరు ఏ మ్యాపులోనూ లేదు.

అందుకే
గొంతు తీసేసి, పెదాలతో పలికి చూస్తున్నాను,
ఇంకోలా, మరోలా,
ఆమె నోట్లో అది ఏ ఆకారంలో ఉండేదోనని.
మూసే వేళయిందని
గాజు తలుపు అవతలినుంచి ఆర్కైవు అమ్మాయి
ఐదు వేళ్లు చూపించింది.
నేను మళ్లీ పలికాను.
ఏంటీ, అని అడిగాయి
ఆమె పెదాలు.