డొల్ల

శాంతినగర కోర్టు మూడో అంతస్తులో
నడవా టైల్సు నేను పరిచినవి కావు.
అయినా మడమతో తట్టి చూసినా.
తలుపు నుంచి నాలుగోది డొల్ల.
కింద సిమెంటు అందలే.
పైకి మాత్రం వరస తప్పకుండా నున్నగా ఉండాది.

పేరు పిలిచినారు.
గంగులప్ప అని కన్నడం యాసలో వింటే
ఎవరో నా చొక్కా తొడుక్కున్నట్టుంటాది.

అవతల గ్రానైటు గోడౌను పురుషోత్తం.
పదకొండేండ్లు గుర్తుకు రాని బిడ్డ
మొన్న శివరాత్రి దాటినాక గుర్తొచ్చింది.
పిల్ల తనదని కోర్టు తేల్చాలంట.
రక్తం తీసి చూడాలంట.
ఆయప్ప లాయరు ఒకే మాట ఆరుసార్లన్నాడు, సత్యం అని.
కన్నడంలోనూ అది సత్యమే,
తర్జుమాకు పని పడలే.

అలివేలు నా పక్కన నిలబడి
కొంగు చివర దారం ఒక్కొక్కటే లాగతా ఉండాది.
నాకు తెలుసని ఆమెకు తెలుసు.
పెండ్లయిన మూడో నెలలో, హొంగసంద్ర రేకుల రూములో,
కరెంటు పోయిన రాత్రి చెప్పింది.
కరెంటు వచ్చేలోపల నేనొక మాటన్నా.
అదేందో కోర్టుకు చెప్పను.

జడ్జమ్మ అడిగింది, రక్తం ఇస్తావా?
ఇచ్చినా కదమ్మా, అన్నా.
కన్నడం రాక కాదు,
ఈ మాట తెలుగులోనే వచ్చింది.
పిల్లకు డెంగీ వచ్చిన ఏడు
నా గ్రూపు పనికిరాదన్నారు.
పనికిరానిదే తీసి లోపల పెట్టుకోని
బదులు ఎవరిదో ఒక సంచి ఇచ్చినారు.
నా రక్తం యాడ, ఎవరి బిడ్డలో తిరగతా ఉందో.
ఎవరి రక్తమో నా బిడ్డను లేపి కూర్చోబెట్టి
ఇడ్లీ కావాలని అడిగించింది.
ఇంగ ఏది ఎవరిదని
ఏ మిషన్లో పెడతారు?

తర్జుమా గుమాస్తా పెన్ను ఆపినాడు.
నేను నాయన అన్న చోటల్లా
తందె అని రాసుకున్నాడు.
మన తండ్రిలో రావత్తు రాలగొట్టి
డకారం కొంచెం అరగదీస్తే వాళ్ల తందె.
మేమూ అంతే, టైలు అంచు అరగదీస్తాం,
పక్కదాని పక్కన ఇమడాలంటే.

మా లాయరమ్మ లేచి చదివింది:
కాపురం ఉండంగా పుట్టిన బిడ్డకు మొగుడే తండ్రి.
చట్టం పాతది, గట్టిది, అంది.
దాన్ని రాసినోళ్లు
నాలాంటోణ్ణి కాపాడనీకె రాసినారో
నాలాంటోణ్ణి కట్టెయ్యనీకె రాసినారో.
నాకు మాత్రం
ఎండలో గోడ నీడ దొరికినట్టయింది.
పురుషోత్తం నా దిక్కు చూడలే.
ఆయన చేతులు చూసినా నేను.
చేతన బొటనవేలు అట్లనే ఉంటాది, కొంచెం వెనక్కి వంగి.
చూసి తల తిప్పుకున్నా.

వాయిదా జులై పద్నాలుగు.
ఆ రోజు బొమ్మనహళ్లిలో ఒక బాత్రూం ఒప్పుకున్నా.
మేస్త్రీకి ఫోను చెయ్యాల.

బయట బెంచీ మీద పిల్ల లేదు.
గుండె జారింది.
నడవా చివర, గీతలు తొక్కకుండా
ఒక్కో టైలు మీదికి దూకతా వస్తా ఉండాది.
తలుపు దగ్గర ఆగింది.
మడమతో రెండుసార్లు తట్టి
తల పక్కకు వాల్చి విన్నది,
ఎవరూ నేర్పలే.
"నాయనా, ఇది మోగతాంది.
ఎవరు వేసినారో గానీ
సరిగ్గా వెయ్యలే."